ఐఎన్ఆర్ మీటరా, ల్యాబా? ఏది సరిగ్గా చెబుతోందో తేల్చుకుని ఎంచుకోవడం ఎలా

"రక్తం చిక్కబడిందా, పల్చబడిందా?" అని ఇళ్లల్లో అందరం అడుగుతాం. నిజానికి ఈ మీటర్లేవీ రక్తం చిక్కదనాన్ని కొలవవు. వేలు గుచ్చి చూసే మీటరైనా, ల్యాబ్‌లో చేసే పీటీ (ప్రోథ్రాంబిన్ టైమ్) పరీక్షయినా కొలిచేది ఒక్కటే: రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతోందన్నది. అసలు చిక్కదనాన్ని కొలిచే విస్కోమీటర్లు వేరే ఉన్నాయి, వాటితో వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే మాత్ర) డోసు నిర్ణయించరు. అయినా "పల్చబడే మందు" అన్న మాట వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి నేనూ అలాగే రాస్తాను. కొలిచేది కాలాన్ని అన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఏ పరికరం ఎక్కడ తప్పుతుందో అర్థం కావాలంటే అది తెలియాలి.

మా అమ్మకు గుండెలోని మైట్రల్ వాల్వ్ తీసి మెటల్ వాల్వ్ వేశాక ఇంట్లోకి మీటరు వచ్చింది. ఆమె ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి మామూలు కన్నా సుమారు ఎన్ని రెట్ల కాలం పడుతోందో చెప్పే అంకె, 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని డాక్టరు చెప్పారు. ఒక రోజు పొద్దున్నే చూస్తే 3.9. అమ్మ ముఖంలో టెన్షన్. ఆ రాత్రి మాత్ర ఆపేద్దామా అని నన్నే అడిగింది. ఆపకుండా ల్యాబ్‌కి తీసుకెళ్లాను. చేతి నరం నుంచి తీసిన రక్తంలో 3.2 వచ్చింది. ఇంటికొచ్చి వేరే వేలు గుచ్చి, కొత్త స్ట్రిప్‌తో చూస్తే 3.4. పొద్దున ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది: మొదటి చుక్క చాలలేదని అదే స్ట్రిప్ మీద రెండో చుక్క వేశాను. ఆ ఒక్క చుక్క వల్ల మెటల్ వాల్వ్ ఉన్న మనిషికి ఒక రోజు మందు ఆగిపోయేది.

ఆ రోజు నుంచి ఎవరైనా "ఏ మీటరు మంచిది?" అని అడిగితే నేను కంపెనీ పేరు చెప్పను. ప్రతి పరికరం కొంత తప్పుతుంది. ఆ తప్పు ఎంతో, ఎటువైపో మీకు తెలిసిన పరికరమే మీకు మంచిది. అది తెలుసుకునే పద్ధతి కోసమే ఇదంతా రాస్తున్నాను.

అసలు మీటరు అవసరమేనా

ఈ ప్రశ్న ముందు తేలాలి. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వాడేవాళ్లకే ఐఎన్ఆర్ పనికొస్తుంది. రివరాక్సబాన్, అపిక్సబాన్, డబిగట్రాన్ లాంటి కొత్త మందులు వాడుతుంటే ఐఎన్ఆర్ మీటరు కొనకండి. ఆ మందులు ఎంత పనిచేస్తున్నాయో ఐఎన్ఆర్ చెప్పదు. పైగా అవి రక్తంలో ఉంటే అంకె అటూ ఇటూ అయి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

"అయితే కొత్త మందుకే మారిపోవచ్చుగా?" అని మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లు అడుగుతుంటారు. వాళ్లకు ఆ దారి లేదు. మెటల్ వాల్వ్ రోగులకు డబిగట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ ట్రయల్‌లో గడ్డలూ, రక్తస్రావాలూ ఎక్కువ కావడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. కాబట్టి ఈ పోలిక అందరికన్నా ఎక్కువ అవసరం వాల్వ్ రోగులకే. వాళ్లు జీవితాంతం ఈ అంకెతోనే బతకాలి.

ల్యాబ్ చెప్పిందల్లా వేదం కాదు

మీటరును ల్యాబ్‌తో పోల్చి చూడాలని అందరూ చెబుతారు. సరైన సలహానే. కానీ ల్యాబ్ అంకె ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలియాలి.

రక్తంలోంచి వేరుచేసిన ప్లాస్మాకు థ్రాంబోప్లాస్టిన్ అనే రీఏజెంట్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థం) కలిపి, ఎన్ని సెకన్లకు గడ్డకట్టిందో చూస్తారు. ఆ సెకన్లను ఆరోగ్యవంతుల సగటు సెకన్లతో భాగిస్తారు. వచ్చిన నిష్పత్తికి ఐఎస్ఐ అనే ఘాతం (పవర్) వేస్తే ఐఎన్ఆర్ వస్తుంది. ఐఎస్ఐ అంటే ఆ రీఏజెంట్ ఎంత చురుకైనదో చెప్పే సంఖ్య. ఒక్కో కంపెనీకి, ఒక్కో లాట్‌కు మారుతుంది. రీఏజెంట్ మారితే సెకన్లు మారిపోతాయి, ఒక ఊళ్లో చేసిన పరీక్షకు ఇంకో ఊళ్లో చేసినదానికీ పొంతన ఉండదు. ఆ చిక్కు తీర్చడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లో ఐఎన్ఆర్ పద్ధతిని ప్రవేశపెట్టింది.

ఒక లెక్క చూడండి. రోగికి 30 సెకన్లు, మామూలు సగటు 12 సెకన్లు. నిష్పత్తి 2.5. ఐఎస్ఐ 1.0 అయితే ఐఎన్ఆర్ కూడా 2.5. అదే ఐఎస్ఐ 1.2 అయితే ఐఎన్ఆర్ 3.0. అంటే రీఏజెంట్ లాట్ మారినప్పుడు యంత్రంలో పాత ఐఎస్ఐ అలాగే ఉండిపోతే చాలు, రక్తం, సెకన్లు మారకుండానే రిపోర్టులో అంకె మారిపోతుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2001లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో సరిగ్గా ఈ పొరపాటే వారాల తరబడి సాగింది. వందల మందికి తప్పుడు రిపోర్టులు వెళ్లాయి.

రక్తం తీసేటప్పుడు జరిగే తప్పులు మరికొన్ని. లేత నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సిట్రేట్ ద్రావణం ముందే ఉంటుంది. 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ అన్నది నియమం. ట్యూబు గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువైపోయి, గడ్డకట్టడం ఆలస్యమైనట్టు కనిపిస్తుంది. ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపుతుంది. అందుకే రక్తం ఇచ్చేటప్పుడు నేను ఆ గీత వైపే చూస్తుంటాను. సగమే నిండితే "ఇంకోసారి తీయండి" అని అడగడానికి మొహమాటపడకండి.

ఇన్ని చెప్పినా, మంచి ల్యాబే మనకున్న కొలబద్ద. కాకపోతే పోలిక కోసం ఎప్పుడూ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. ఒకసారి ఒకచోట, మరోసారి ఇంకోచోట చేయిస్తే, తేడా మీటరుదో ల్యాబ్‌దో ఎప్పటికీ తేలదు.

మీటర్లలో తేడాలు

పైకి అన్నీ షుగర్ మీటర్లలాగే కనిపిస్తాయి. లోపల పని మాత్రం వేరు. షుగర్ మీటరుతో ఐఎన్ఆర్ చూడలేం, దీంతో షుగర్ చూడలేం.

ఎక్కువగా కనిపించే రకం విద్యుత్-రసాయన పద్ధతిలో పనిచేసేది. స్ట్రిప్ మీద పూసిన థ్రాంబోప్లాస్టిన్ రక్తంతో కలిసి త్రాంబిన్ (గడ్డకట్టించే పదార్థం) పుట్టగానే ఒక చిన్న విద్యుత్ సంకేతం వస్తుంది. మీటరు ఆ సంకేతం వచ్చేదాకా కాలాన్ని లెక్కిస్తుంది. రోష్ వారి కోయాగూచెక్ ఎక్స్‌ఎస్ ఈ రకానిదే. దానికి కనీసం 8 మైక్రోలీటర్ల రక్తం కావాలి. రెండో రకం సన్నటి కాలువ లాంటి చిప్‌లో రక్తం పారడాన్ని కెమెరాతో చూసి, అది ఆగిన క్షణాన్ని పట్టుకుంటుంది. మైక్రోఐఎన్ఆర్ ఇలా పనిచేస్తుంది, 3 మైక్రోలీటర్లు చాలు. మూడో రకం గడ్డను యాంత్రికంగానే పట్టుకుంటుంది. కోయాగ్-సెన్స్‌లో తిరిగే చిన్న చక్రం రక్తం గడ్డకట్టగానే దాన్ని లాగుతుంది.

వీటిలో పద్ధతిని బట్టి ఇదే గొప్పదని నేను చెప్పను. రోజువారీ వాడకంలో తేలే తేడా చుక్క పరిమాణంలో ఉంది. చేతులు చల్లబడి ఉండే ముసలివాళ్లకు, వేలు గట్టిపడినవాళ్లకు, పిల్లలకు 3 మైక్రోలీటర్లకూ 8కీ తేడా చాలా పెద్దది. చుక్క చాలకపోతేనే కదా మనం వేలు నొక్కడం, రెండో చుక్క వేయడం లాంటి తప్పులు చేసేది! వేలి నుంచి రక్తం తేలిగ్గా రాని మనిషికి తక్కువ చుక్క అడిగే మీటరే కచ్చితమైనదని నా నమ్మకం, బ్రోచర్‌లో అంకెలు ఏం చెప్పినా సరే.

తర్వాత చూడాల్సింది స్ట్రిప్‌ల సంగతి. ఎంత వేడి, తేమ తట్టుకుంటాయి, ఫ్రిజ్‌లో పెట్టాలా, ఎక్స్‌పైరీ ఎంత దూరంలో ఉంది, క్రమం తప్పకుండా దొరుకుతాయా అని కొనేముందే అడగండి. మీటరు ఒకసారి కొంటాం, స్ట్రిప్‌లు ఎప్పటికీ కొంటూనే ఉండాలి. బ్లూటూత్, యాప్, రంగుల తెర లాంటివన్నీ ఆ తర్వాత.

కంపెనీ చెప్పే కచ్చితత్వం అంటే ఏమిటి

సొంతంగా పరీక్షించుకునే ఐఎన్ఆర్ మీటర్లకు ఐఎస్ఓ 17593 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2007లో వచ్చిన దాని తొలి రూపం ప్రకారం, ఐఎన్ఆర్ 2.0 కన్నా తక్కువ ఉన్నప్పుడు మీటరుకూ ల్యాబ్‌కూ తేడా 0.5 లోపు, 2.0 నుంచి 4.5 మధ్య ఉన్నప్పుడు 30 శాతం లోపు ఉండాలి. అది కూడా 90 శాతం ఫలితాల్లో.

దీన్ని మన ఇంటి భాషలోకి మార్చుకుందాం. ల్యాబ్‌లో 3.0 ఉన్న మనిషికి మీటరు 2.1 చూపినా, 3.9 చూపినా ప్రమాణం ప్రకారం పాసే. ల్యాబ్‌లో 1.6 ఉన్నవారికి 2.1 చూపినా పాసే. కానీ 1.6 అంటే మందు చాలడం లేదు, గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. 2.1 అంటే కర్ణిక దడ (గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ఉన్నవాళ్లకు టార్గెట్ అయిన 2 నుంచి 3 లోపలే ఉంది, నిశ్చింతగా ఉండొచ్చు. ఒకే రక్తానికి రెండు తీర్పులు! అందుకే "ప్రమాణానికి అనుగుణం" అన్న ముద్ర అవసరమే గానీ, అదొక్కటే సరిపోదు. మీ టార్గెట్ అంచుల దగ్గర అది ఎలా నడుస్తోందన్నది చూడాలి.

ఇంకో మాట బ్రోచర్లలో తరచూ కనిపిస్తుంది: "ల్యాబ్‌తో సహసంబంధం 0.95". దానికి పొంగిపోకండి. ప్రతిసారీ ల్యాబ్ కన్నా సరిగ్గా 0.8 ఎక్కువ చూపే మీటరుకు సహసంబంధం పూర్తిగా 1 వస్తుంది. సహసంబంధం రెండూ కలిసి పెరుగుతున్నాయా అని మాత్రమే చెబుతుంది, ఒకే అంకె చెబుతున్నాయా అన్నది చెప్పదు. రెండు కొలతల మధ్య తేడాలనే నేరుగా చూడాలని బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1986లోనే వివరంగా రాశారు. వైద్య పరికరాలను పోల్చేవాళ్లు ఇప్పటికీ అదే దారిలో వెళుతున్నారు. కంపెనీవాళ్లను అడగాల్సింది కూడా అదే: "తేడాలు ఎంత? ఎటువైపు?"

జంట పరీక్ష: అసలు తేల్చేది ఇదే

మీటరు కొన్న మొదటి నెలలో కనీసం మూడు నాలుగు సార్లు, వేలి రక్తం మీటరుతోనూ, నరం రక్తం ల్యాబ్‌లోనూ ఒకే పూట చూడండి. మీటరును వెంట తీసుకెళ్లి, ల్యాబ్‌లో రక్తం ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే అక్కడే వేలు గుచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. పొద్దున ఇంట్లో చూసి, మర్నాడు ల్యాబ్‌కు వెళితే ఆ పోలికకు విలువ లేదు. ఒక్క రోజులోనే ఐఎన్ఆర్ మారిపోగలదు. రెండు అంకెలూ, తేడా, స్ట్రిప్ లాట్ నంబర్ ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు ఆ తేడాలను ఎలా చదవాలో చూద్దాం. ఒక మీటరు మూడుసార్లు ఇలా చూపిందనుకోండి: మీటరు 2.4, ల్యాబ్ 2.2, మీటరు 2.9, ల్యాబ్ 2.7, మీటరు 3.5, ల్యాబ్ 3.2. ప్రతిసారీ 0.2 లేదా 0.3 ఎక్కువ. ఇంకో మీటరు ఇలా: మీటరు 2.1, ల్యాబ్ 2.5, మీటరు 3.3, ల్యాబ్ 2.8, మీటరు 2.6, ల్యాబ్ 2.6. దీని సగటు తేడా చూస్తే దాదాపు సున్నా! సగటు మాత్రమే చూసేవాళ్లు రెండోదే గొప్పదంటారు. నేను మాత్రం మొదటిదే ఉంచుకుంటాను. దాని తప్పు ఒక వైపే, ఒకే కొలతలో ఉంది, దాన్ని డాక్టరు లెక్కలోకి తీసుకోగలరు. రెండోది ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోతోంది. రేపు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

మొదటి రకం మీటరు ఉన్నా, మీ అంతట మీరే 0.2 తీసేసి డోసు మార్చుకోకండి. పుస్తకం డాక్టరుకు చూపించండి, ఆ తేడాతో ఏం చేయాలో వారు చెబుతారు. తేడా తరచూ 0.5 దాటుతుంటే, లేదా మీటరు ఒక నిర్ణయం, ల్యాబ్ ఇంకో నిర్ణయం చెబుతుంటే ఆ మీటరు మీద డోసు పెట్టకూడదు.

"స్ట్రిప్‌లోనే కంట్రోల్ ఉంది, ప్రతిసారీ అదే చెక్ చేసుకుంటుంది, ఇంత శ్రమ ఎందుకు?" అని అడగొచ్చు. ఆ కంట్రోల్ స్ట్రిప్ వేడికో తేమకో పాడైందేమో చూస్తుంది. క్యాలిబ్రేషనే, అంటే ప్రామాణిక నమూనాతో సరిచూసి అంకెలను అమర్చడమే, పక్కకు పోతే దానికి తెలియదు. 2018లో కోయాగూచెక్ స్ట్రిప్‌లకు జరిగింది అదే. కొత్త అంతర్జాతీయ ప్రామాణిక నమూనాకు మార్చి క్యాలిబ్రేట్ చేసిన స్ట్రిప్‌లు, ముఖ్యంగా ఎక్కువ ఐఎన్ఆర్ దగ్గర, అసలు కన్నా ఎక్కువ చూపాయి. అమెరికాలో 11 లక్షలకు పైగా ప్యాకెట్లను వెనక్కి పిలిచారు. అంతకుముందు ఐఎన్‌రేషియో అనే మీటరు కొందరిలో ల్యాబ్ కన్నా బాగా తక్కువ చూపుతోందని తేలి, 2016లో కంపెనీయే దాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన రాకెట్ ఏఎఫ్ ట్రయల్ 14 వేల మందికి పైగా రోగులతో జరిగింది. అందులో వార్ఫరిన్ డోసు నిర్ణయించడానికి వాడింది ఆ మీటరునే. తక్కువ చూపే మీటరు ఇంకా ప్రమాదం: మందు పెంచుతాం, లోపల రక్తస్రావం మొదలవుతుంది.

అందుకే మొదటి నెల అయిపోయాక కూడా ఆరు నెలలకోసారి జంట పరీక్ష చేయించండి. కొత్త లాట్ స్ట్రిప్‌లు మొదలుపెట్టినప్పుడు ఒకసారి చూసుకోవడం నా అలవాటు.

వేలి దగ్గర జరిగేవి

మీటరు మీద నింద వేసేముందు వేలు చూడాలి. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. స్పిరిట్ తడి ఉంటే చుక్క పలచనై అంకె మారుతుంది. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీయండి. స్ట్రిప్ మీటరులో పెట్టి, అది సిద్ధమన్నాకే గుచ్చండి. వేలి కొన మధ్యలో కాకుండా పక్కగా, లాన్సెట్‌ను గట్టిగా ఆనించి గుచ్చితే చుక్క దానంతటదే ఊరుతుంది. వేలు పిండితే కణజాలంలోని ద్రవం కలుస్తుంది, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే పదార్థం కూడా దాంతోపాటే వస్తుంది. మొదటి చుక్కనే, గుచ్చిన 15 సెకన్లలోపు స్ట్రిప్‌కు అందించాలి. ఆలస్యమైతే గడ్డకట్టడం వేలి మీదే మొదలైపోతుంది. చాలకపోతే ఆ స్ట్రిప్ పడేసి, వేరే వేలు, కొత్త స్ట్రిప్. స్ట్రిప్ దండగైందని బాధపడకండి.

ఎవరికి ఏది

మందు కొత్తగా మొదలుపెట్టి డోసు ఇంకా కుదరనివాళ్లు ల్యాబ్‌తోనే సాగాలి. ఐఎన్ఆర్ స్థిరంగా ఉండి, నెలకోసారి మంచి ల్యాబ్‌కు తేలిగ్గా వెళ్లగలిగేవాళ్లు మీటరు లేదని బెంగపడక్కర్లేదు. అమెరికాలో 2,922 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికోసారి ఇంట్లో చూసుకున్నవాళ్లకూ, నెలకోసారి మంచి క్లినిక్‌లో చూపించుకున్నవాళ్లకూ పక్షవాతం, పెద్ద రక్తస్రావం, మరణం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ల్యాబ్ దూరమైనవాళ్లకు, ప్రయాణాలు ఎక్కువ ఉన్నవాళ్లకు, తరచూ యాంటీబయాటిక్స్ లాంటివి వాడాల్సి వచ్చి ఐఎన్ఆర్ ఊగిపోయేవాళ్లకు, నరం దొరక్క ఇబ్బందిపడేవాళ్లకు మీటరు నిజంగా వరం. కానీ వేలు గుచ్చడం, పుస్తకం రాయడం క్రమం తప్పకుండా చేసే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

కొందరికి మాత్రం మీటరు వద్దు. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తంలో గడ్డలు కట్టే ధోరణిని పెంచేవి) ఉన్నవాళ్లలో స్ట్రిప్‌లు ఐఎన్ఆర్‌ను అసలు కన్నా ఎక్కువ చూపవచ్చు. బాగా రక్తహీనత ఉన్నా, రక్తకణాలు మరీ ఎక్కువైనా అంతే జాగ్రత్త. కోయాగూచెక్ ఎక్స్‌ఎస్ లాంటివి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 25 నుంచి 55 శాతం మధ్య ఉన్నప్పుడే నమ్మదగ్గవి. గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్లు నడుస్తున్న రోజుల్లో, మీటరు ఎంత హెపారిన్ దాకా తట్టుకుంటుందో దాని కాగితంలో చూడందే అంకెను పట్టించుకోకండి.

మీటరు సరైనదే అయినా, అంకె 4 దాటిందంటే నేను ఆగి చూస్తాను. పైకి వెళ్లేకొద్దీ మీటరుకూ ల్యాబ్‌కూ దూరం పెరుగుతుంది. వేరే వేలితో ఇంకోసారి చూసి, అప్పుడూ 4 పైనే ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి, ఆ రోజే ల్యాబ్‌లో రక్తం ఇస్తాం. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ, ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం వీటిలో ఏది కనిపించినా మీటరు తీసే పని కూడా పెట్టుకోం. నేరుగా ఆసుపత్రికే వెళతాం, పుస్తకం వెంట పెట్టుకుని.